నా బిడ్డది ఏ మండలమో చెప్పండి

ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారికి,



2019లో మీరు మల్కాజిగిరి నుంచి లోక్‌సభకు గెలిచినప్పుడు ఎల్బీనగర్ కూడా మీ పరిధిలోనే ఉంది. కాబట్టి మా పేటలను మీకు పరిచయం చెయ్యనక్కర్లేదు. కొత్తపేట, చైతన్యపురి, నాగోలు, వనస్థలిపురం. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం బస్సులెక్కి పట్నం వచ్చే జనం మొదట కాలు పెట్టే నేల ఇది. మా బాపు కూడా సూర్యాపేట దగ్గరి పల్లె నుంచి అట్లా వచ్చి దిగినవాడే. దిల్‌సుఖ్‌నగర్‌లో కొన్నాళ్లు అద్దెకుండి, తర్వాత కొత్తపేటలో గల్లీ లోపలికి జాగ కొని ఇల్లు కట్టాడు. నేను పుట్టింది, బడికి పోయింది, ఇంటర్, డిగ్రీ, బీఈడీ చేసింది అంతా మలక్‌పేటకూ ఎల్బీనగర్‌కూ మధ్యనే. పెళ్లయినప్పటి నుంచి కాపురం రియాద్‌లో. మావారి ఉద్యోగం అక్కడ. ఇద్దరు ఆడపిల్లలు అక్కడే పెరుగుతున్నారు. ఇప్పుడు సెలవులకు పుట్టింటికి వచ్చి ఈ ఉత్తరం రాస్తున్నా.

పని సూటిగా చెప్తా. మెడికల్ సీట్లకు లోకల్ ఎవరో తేల్చే నిబంధనలో మాలాంటివాళ్ల పిల్లలకు చోటు లేదు. 2024 జులైలో వచ్చిన 33వ నంబరు జీవో ప్రకారం, ఇంటర్‌తోగానీ దానికి సమానమైన పరీక్షతోగానీ ముగిసే వరస నాలుగేళ్లు తెలంగాణలో చదవాలి, ఆ పరీక్ష ఇక్కడే పాసవ్వాలి. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. హైకోర్టు దాన్ని కొంత సడలించింది. మీ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు మీ జీవోనే నిలబెట్టింది. చట్టం సంగతి అక్కడితో తేలిపోయింది, దాంతో నాకు తగాదా లేదు. అయితే అదే కేసులో మీ ప్రభుత్వం కొందరికి మినహాయింపు ఇస్తామని కోర్టుకు రాసిచ్చింది. ఆ వరసలో మరొక పేరు చేర్చమని అడగడానికే ఈ లేఖ.

గల్ఫ్ అనగానే మీ కళ్ల ముందు జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి పోయిన కూలి తమ్ముళ్లు మెదులుతారు. మెదలాలి కూడా. అక్కడ చనిపోయినవాళ్ల కుటుంబాలకు 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇస్తున్నారు. ప్రజాభవన్‌లో ప్రవాసుల అర్జీలు విడిగా తీసుకుంటున్నారు. మంచి పనులు. మేం ఆ కష్టంలో ఉన్నవాళ్లం కాదు, వాళ్ల పేరు చెప్పి జాలి అడగను. మావారు పెద్ద భవనాలకు ఏసీ ప్లాంట్లు బిగించే కంపెనీలో ఇంజినీరు. ఫ్యామిలీ వీసా దొరికేంత జీతం ఉంది. అక్కడ ఇల్లు గడుస్తుంది, ఇక్కడ బాపు మందులు గడుస్తాయి, హయత్‌నగర్‌లో కొన్న ఫ్లాటు కిస్తీ గడుస్తుంది. ఆ మేరకు మేం అదృష్టవంతులమే.

కానీ సౌదీలో మనిషికి ఆధారం ఇకామా. పర్సులో పట్టే ప్లాస్టిక్ కార్డు. ఉద్యోగం ఉంటే ఆయన ఇకామా, ఆయనది ఉంటే మాది. ఉద్యోగం పోయిందా, అద్దె ఇల్లు, బడి, బ్యాంకు ఖాతా, కారు అన్నీ ఒక్కసారే సర్దేసుకుని ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకోవాలి. అక్కడే పుట్టిన బిడ్డకైనా పౌరసత్వం మాట లేదు. 2019లో ప్రీమియం రెసిడెన్సీ అని ఒకటి తెచ్చారు. శాశ్వతంగా ఉండాలంటే 8 లక్షల రియాళ్లు కట్టాలి. మా బిల్డింగులో ఆ మాట వచ్చినప్పుడు మలయాళీలు, పాకిస్తానీలు, తెలుగువాళ్లు తేడా లేకుండా అందరం ఒకే రకంగా నవ్వుతాం.

2017 జులై నుంచి కుటుంబ సభ్యుల మీద తలకు నెలకు 100 రియాళ్ల ఫీజు మొదలుపెట్టారు. ఏటా ఒక వంద పెంచుకుంటూ 2020 జులై నాటికి 400 చేశారు. నేను, ఇద్దరు పిల్లలు. ముగ్గురికి నెలకు 1,200, ఏడాదికి 14,400 రియాళ్లు. మన డబ్బుల్లో మూడు లక్షల పైమాట. అదీ ఇకామా రెన్యువల్ నాడు ముందుగానే కట్టాలి. పెళ్లాం పిల్లలను పక్కన ఉంచుకున్నందుకు పన్ను. ఆ మూడేళ్లలో మా చుట్టుపక్కల ఎన్ని ఇళ్లు ఖాళీ అయ్యాయో. మొగుడు రూముకు మారిపోయాడు, ఆడమనిషి పిల్లలను తీసుకుని టోలీచౌకికో మెహదీపట్నానికో ఎల్బీనగర్‌కో తిరిగొచ్చింది. మేం ఉండిపోయాం. ఆయన ఒక్కరే ఆ ఊళ్లో అన్నం వండుకుని తినడం నాకు నచ్చలేదు, అంతకన్నా పెద్ద కారణం ఏమీ లేదు.

ఇట్లాంటి చోట కాపురమున్నవాళ్ల ఇంట్లో ఎప్పుడూ ఇంకో దేశం ఒకటి ఉంటుంది. అటక మీద సూట్‌కేసులు ఎట్లా ఉంటాయో అట్లా. మా కింది ఫ్లోరు వాళ్లది ఆస్ట్రేలియా. ఎదురింటివాళ్లది న్యూజిలాండ్. మాది కెనడా. గురువారం రాత్రి, అంటే మాకు వారాంతం మొదలు, పిల్లలు పడుకున్నాక మావారు లాప్‌టాప్ తెరిచి మార్కులు లెక్కవేస్తారు. కెనడావాళ్ల ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో వయసుకు మార్కులు, చదువుకు మార్కులు, ఇంగ్లీషుకు మార్కులు, చేసిన ఉద్యోగానికి మార్కులు. భార్యతో కలిసి దరఖాస్తు పెడితే 20 నుంచి 29 ఏళ్ల మధ్య వయసుకు 100 మార్కులు. ముప్పై దాటాక తగ్గడం మొదలు. నలభైకి 45 మిగులుతాయి. 41కి 35. 42కి 25. అట్లా జారి 45 నిండేసరికి సున్నా. మావారికి ఇప్పుడు 41. మా ఇంట్లో ఆయన పుట్టినరోజు కేకు కోస్తుంటే పిల్లలు పాట పాడతారు, నేను మనసులో పది మార్కులు తీసేస్తాను.

ఆ తగ్గిన మార్కులు ఇంకెక్కడైనా సంపాదించవచ్చా అని నా బీఈడీని కూడా లెక్కలో వేశాం. నేను ఐఈఎల్‌టీఎస్ రాస్తే కొన్ని పెరుగుతాయి. అందుకే ఈ సెలవుల్లో దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ దగ్గర ఒక కోచింగుకు పోతున్నా. ఇంటర్ పిల్లల మధ్య కూర్చుని, ఒక సందర్భం చెప్పి ఉత్తరం రాయమంటే రాస్తున్నా. ఆ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది. ఆలోపు పిలుపు రాకపోతే మళ్లీ రాయాలి. అసలు కెనడాయే తలుపు సగం మూసింది. 2025కు అయిదు లక్షల మందిని తీసుకుంటామన్నవాళ్లు 2024 అక్టోబరులో ఆ సంఖ్యను 3 లక్షల 95 వేలకు దించారు. ఇవన్నీ తెలిసే లెక్క వేస్తున్నాం.

మా అమ్మ ఈ లెక్కలు విని ఒకటే అడుగుతుంది: "ఇంకో దేశమెందుకు బిడ్డా? పోయిన దేశం సాలదా?"

బంధువుల్లో ఎక్కువమంది దీన్ని ఆశపోతుతనం అంటారు. గల్ఫ్ డబ్బు సరిపోక డాలరు కావాలంటున్నారని. డాలర్లలో ఉన్నవాళ్ల సంగతి కూడా చెప్పాలి కదా. మా చిన్నమ్మ కొడుకు డాలస్‌లో ఉంటాడు. వనస్థలిపురం పిల్లవాడు. హెచ్-1బీ మీద వెళ్లాడు. గ్రీన్‌కార్డుకు ఎంత పెద్ద దేశమైనా ఏడు శాతం మించి ఇవ్వరు గనక మనవాళ్ల వరస ఏళ్ల తరబడి కదలదు. ఈలోగా పిల్లలకు 21 నిండితే తల్లిదండ్రుల దరఖాస్తు నుంచి జారిపోతారు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజు అన్నారు. వాడిది కొత్తది కాదు గనక తప్పించుకున్నాడు, కానీ ఆ వారం రోజులు ఫోనులో వాడి గొంతు గొంతులా లేదు. అంతకుముందే, 2023 జులైలో, అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు కెనడా పదివేల వర్క్ పర్మిట్లు ఇస్తామంటే రెండు రోజులు తిరక్కుండానే దరఖాస్తులు నిండిపోయాయి. వాడూ ఆ పదివేలలో దూరాడు. వెళ్లలేదు. పర్మిట్ మంజూరైన కాగితం మాత్రం దగ్గర పెట్టుకున్నాడు. అంత జీతం ఉన్నవాడు కూడా రెండో దేశం కాగితం దిండు కింద పెట్టుకుని పడుకున్నాడంటే దాన్ని ఆశ అనాలో, భయం అనాలో మీరే చెప్పండి.

నన్నడిగితే మాకు కెనడా మీద ప్రేమేమీ లేదు. ఆ చలిని తలుచుకుంటేనే మావారికి తుమ్ములొస్తాయి. కానీ ఒక్క మాట. రియాద్‌లో ఎండలో మేడల మీద నిలబడి ఆయన పనిచేసిన ఏళ్లకు కెనడా మార్కులు వేస్తుంది. విదేశీ అనుభవం అని దానికొక గడి ఉంది. మా రాష్ట్రం అవే ఏళ్లను మా బిడ్డ ఖాతాలో గైరుహాజరు కింద రాస్తుంది. ఎవరు పిలుస్తున్నట్టు, ఎవరు పొమ్మంటున్నట్టు?

ఇంటి లెక్క ఎట్లా ఉందో వివరంగా చెప్తా.

మా పెద్దమ్మాయి ఈ ఏప్రిల్‌లో ఎనిమిదిలోకి వచ్చింది. డాక్టరు చదవాలని దాని కోరిక. రియాద్‌లో భారత రాయబార కార్యాలయం పర్యవేక్షణలో నడిచే బడిలో సీబీఎస్‌ఈ చదువుతోంది. పన్నెండు దాకా అక్కడే చదివి, నీట్ రాసి మంచి ర్యాంకు తెచ్చుకుంటే, ఆలిండియా కోటాలో దానికి హక్కు ఉంటుంది. కానీ గాంధీలోనో ఉస్మానియాలోనో రాష్ట్ర కోటా సీటు అడిగితే లోకల్ కాదు. ఆంధ్రాలోనూ కాదు. సౌదీలో ఎట్లాగూ కాదు. భూమండలం మీద ఎక్కడా లోకల్ కాని పిల్ల అన్నమాట. దానికి మిగిలేది ఎన్నారై కోటా. పేరు మాదే, సీటు మాత్రం మాది కాదు. కన్వీనరు కోటాలో ప్రైవేటు కాలేజీ సీటుకు ఏడాదికి 60 వేలు కడితే, అదే కాలేజీలో ఎన్నారై సీటు ఏడాదికి 20 లక్షలు దాటుతుంది. ఏసీ ప్లాంట్లు బిగించే ఇంజినీరు కొనగలిగింది కాదు. అప్పుడు దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద మనం రోజూ చూసే ఆ బోర్డుల కిందికి చేరతాం. జార్జియాలో ఎంబీబీఎస్, ఫిలిప్పీన్స్‌లో ఎంబీబీఎస్, కిర్గిజ్‌స్థాన్‌లో ఎంబీబీఎస్. తల్లిదండ్రులు ఒక దేశంలో, బిడ్డ ఇంకో దేశంలో, తాతా అమ్మమ్మా కొత్తపేటలో. ఆరేళ్లు చదివొచ్చి ఇక్కడ మళ్లీ ఒక పరీక్ష పాసైతేగానీ స్టెతస్కోపు పట్టనివ్వరు.

లేదంటే రెండో దారి. వచ్చే మార్చిలో ఎనిమిది అయిపోగానే నేను పిల్లలిద్దరినీ తీసుకుని వచ్చేయాలి. తొమ్మిది నుంచి ఇక్కడే చదివిస్తే ఇంటర్ నాటికి నాలుగేళ్లు పూర్తవుతాయి. మా ఎరికలో ఇట్లా వచ్చేసినవాళ్లు చాలామంది. ఎల్బీనగర్, నాగోలు, బీఎన్ రెడ్డి నగర్ అపార్టుమెంట్లలో తలుపు కొట్టి చూడండి. తల్లి, ఇద్దరు పిల్లలు, గోడ మీద నాన్న ఫొటో, రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్. భర్త పోయినవాళ్ల ఇల్లనుకుంటారు కొత్తవాళ్లు. ఒక జీవో కోసం ఇంటిమనిషిని నాలుగేళ్లు ఫోనులో పెట్టుకున్న ఇళ్లు అవి.

అట్లా వచ్చినా అంతా తేలదు. మా బాపు ఇంటి పైగదిలో గ్రూప్స్‌కు చదివే అమ్మాయిలు అద్దెకుంటారు. నల్లగొండ జిల్లా పిల్లలు. జీవోలు, జోన్లు, రోస్టర్లు వాళ్ల నోటి చివర ఉంటాయి. మా పెద్దదాన్ని చూసి ఒకమ్మాయి అడిగింది: "అక్కా, పాపకు ఒకటి నుంచి ఏడు ఎక్కడ?" రియాద్ అన్నాను. ఆ పిల్ల ఊపిరి పీల్చి, "అయితే ఉద్యోగాలకు నాన్‌లోకలే అక్కా" అంది. నిజమే. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఉద్యోగాలకు లోకల్ అని తేల్చడానికి ఒకటి నుంచి ఏడో తరగతి దాకా చదువు చూస్తారు. 95 శాతం పోస్టులు లోకల్‌కే. సీటుకు చివరి నాలుగేళ్లు కావాలి, నౌకరీకి మొదటి ఏడేళ్లు చూస్తారు. మధ్యలో ఎనిమిదో తరగతి ఒక్కటే ఎక్కడ చదివినా ఎవరికీ పట్టదు. ఆ ఒక్క ఏడాదిలోనే మేమిప్పుడున్నాం.

కిందటి సెలవుల్లో ఒక కార్యాలయానికి వెళ్లాను, ఏయే కాగితాలు కావాలో కనుక్కుందామని. కౌంటరు దగ్గరి తమ్ముడు మర్యాదస్తుడు, కసురుకోలేదు. చదువు ధ్రువీకరణ నమూనా ఒకటి చేతికిచ్చాడు. తరగతి, విద్యా సంవత్సరం, బడి పేరు, ఊరు, మండలం, జిల్లా. నేను బడి పేరు దాకా రాసి ఆగిపోయాను. అతను కాగితం తన వైపు తిప్పుకుని, రాయబార కార్యాలయం ముద్ర ఉన్న మార్కుల జాబితాను వెనకా ముందూ చూసి, "మీరెక్కడ సదివిన్రు అమ్మా?" అన్నాడు. ఇక్కడే, కొత్తపేటల, అన్నాను. "సార్?" ఆయన మిర్యాలగూడ. "మరి పాపదే గిట్లయింది" అని తల గీరుకున్నాడు. "తెలంగాణల ఉంటే ఏ మండలమైనా రాసేస్తుంటి." పక్కనే నిలబడ్డ మా అమ్మాయి, "బత్తా మండలం, మలజ్ జిల్లా అని రాయమ్మా" అంది. రియాద్‌లో మా బజారు ఒకటి, మేముండే పేట ఇంకొకటి. తమ్ముడు నవ్వాడు, నేనూ నవ్వాను. బయటికొచ్చి ఆటో ఎక్కాక అది అడిగింది: "అమ్మా, నువ్వు ఇక్కడిదానివే, నాన్న ఇక్కడివాళ్లే, తాతయ్య ఇక్కడే. మరి నేనెందుకు కాదు?" బీఈడీలో బాలల మనస్తత్వ శాస్త్రం ఒక పేపరు ఉండేది. అందులో ఈ ప్రశ్న లేదు.

నేను లోకల్ అన్న మాటను తేలిక చేస్తున్నానని అనుకోకండి. ఆ మాట కోసం ఏం జరిగిందో ఈ రోడ్ల మీద పెరిగిన దాన్ని నాకు తెలుసు. 2009 నవంబరు 29న ఎల్బీనగర్ చౌరస్తాలోనే ప్రత్యేక తెలంగాణ కోసం శ్రీకాంతాచారి ఒంటికి నిప్పంటించుకున్నాడు. డిసెంబరు 3న కన్నుమూశాడు. ఆ చౌరస్తా దాటకుండా నేను పుట్టింటికి రాలేను. 1969 తెలంగాణ ఉద్యమం నాటికి మా బాపు కాలేజీ పిల్లవాడు. ముల్కీ అనే మాట మా ఇంట్లో అన్నంతో పాటు వడ్డించేవాళ్లు. బయటివాళ్లు వచ్చి మన సీట్లూ నౌకర్లూ ఎత్తుకుపోకుండా కట్టిన కట్ట అది. దాన్ని తెంచమని నేనెట్లా అంటాను?

కానీ ఆ కట్టను ఎవరి కోసం కట్టారో కూడా గుర్తుంచుకోవాలి కదా. నిజాం కాలంలో 1919 నాటి ముల్కీ నిబంధనల్లో పదిహేనేళ్ల నివాసానికి లెక్క ఉండేది, ఈ నేల మీది పుట్టుకకూ ఉండేది. తర్వాత రాజ్యాంగంలో 371డి వచ్చి, 1974 రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చి, ఎక్కడ చదివావు అన్నది పెద్ద కొలత అయింది. ఆనాడు అది సబబే. వలస అంటే అప్పుడు కోస్తా నుంచి ఇటు రావడం. పాలమూరు నుంచి బొంబాయి పోయిన కూలీ పిల్లవాడు మెడికల్ సీటు అడుగుతాడని ఎవరు అనుకున్నారు? తెలంగాణ నుంచి బయటికి పోయిన ఇంజినీర్లు, నర్సులు, టీచర్లు, డ్రైవర్లు, వాళ్ల పిల్లలు ఒక జనాభా అవుతారని ఎవరూ ఊహించలేదు. ఇప్పుడు అయింది. 2023-24లో దేశానికి వచ్చిన ప్రవాసుల సొమ్ములో 8.1 శాతం తెలంగాణకే వచ్చిందని రిజర్వు బ్యాంకు సర్వే చెప్పింది. మహారాష్ట్ర, కేరళ, తమిళనాడు తర్వాత మనమే. ఆ సొమ్మును లోకల్ కాదని ఏ బ్యాంకూ వెనక్కి పంపలేదు.

మీ ప్రభుత్వం సుప్రీంకోర్టులో ఒప్పుకున్న మినహాయింపులు చూశాను. ఉద్యోగరీత్యా రాష్ట్రం బయట పనిచేసిన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలు, తెలంగాణ కేడరు ఐఏఎస్, ఐపీఎస్‌ల పిల్లలు, సైన్యంలో, కేంద్ర బలగాల్లో ఉన్న తెలంగాణవాళ్ల పిల్లలు, బదిలీ మీద బయటికి పోయిన రాష్ట్ర సంస్థల ఉద్యోగుల పిల్లలు. న్యాయమైన జాబితా. సియాచిన్‌లో ఉన్న జవానును నీ బిడ్డ ఎక్కడ చదివిందని అడగడం పాపం. కానీ ఢిల్లీలో బదిలీ మీద ఉన్న అధికారి బిడ్డ తొమ్మిదో తరగతి అక్కడ చదివినా తెలంగాణ బిడ్డే అయినప్పుడు, అదే తరగతి రియాద్‌లో చదివిన ఇంజినీరు బిడ్డ ఎందుకు కాదు? ప్రభుత్వం పంపితే పోవడం, పొట్టకూటికి పోవడం, ఇదేనా తేడా? ఇక్కడ అందరికీ ఉద్యోగాలు ఉండి ఉంటే మావారు బత్తా బజారులో కూరగాయలు కొనుక్కుంటూ ఉండేవారా? విదేశాల్లో ఉద్యోగాలకు మనవాళ్లను పంపడానికి ప్రభుత్వమే టామ్‌కామ్ అని ఒక కంపెనీ పెట్టింది. పంపేది మీరే. వాళ్ల పిల్లలు తిరిగొస్తే మండలం అడిగేదీ మీరే.

ఇంకొకటి. ఈ చిక్కుకు పరిష్కారం మీ సచివాలయంలోనే ఉంది. ఇంజినీరింగ్ సీట్ల కోసం 2025 ఫిబ్రవరిలో ఇచ్చిన 15వ నంబరు జీవో తెప్పించి చూడండి. 85 శాతం సీట్లు లోకల్‌కు పోగా, మిగిలిన 15 శాతంలో పోటీపడేవాళ్లలో తల్లిదండ్రులు రాష్ట్రంలో పదేళ్లు నివాసమున్న పిల్లలు కూడా ఉన్నారు. ఆ పదేళ్లు లెక్కించేటప్పుడు బయట ఉద్యోగం చేసిన కాలాన్ని పక్కన పెడతారు. అంటే తల్లిదండ్రుల మూలాన్ని చూసే కన్ను ఇంజినీరింగ్ జీవోకు ఉంది. మెడిసిన్ దగ్గరికొచ్చేసరికి ఆ కన్ను మూసుకుంది.

మీ అధికారులు వెంటనే ఒక మాట అంటారని తెలుసు. తలుపు తీస్తే అమెరికా, దుబాయ్ డబ్బున్నోళ్ల పిల్లలు వచ్చి పల్లెల్లో సర్కారు బడుల్లో చదివిన పిల్లల సీట్లు తన్నుకుపోతారని. ఆ భయం అబద్ధం కాదు. ఖరీదైన బడుల్లో చదివి వచ్చిన పిల్లకూ, గురుకులంలో చదివిన పిల్లకూ పోటీ సమానం కాదు. అందుకే పూర్తిగా తెరవమని నేను అడగను. తల్లిదండ్రుల్లో ఒకరైనా తెలంగాణలో పదో తరగతి దాకా చదివినట్టు రుజువు చూపించమనండి. మా మెమోలు భద్రంగా ఉన్నాయి. కుటుంబ ఆదాయానికి ఒక పరిమితి పెట్టండి. కోట్లున్నవాళ్లకు ఎన్నారై కోటా ఉండనే ఉంది. నాలుగేళ్లు కాకపోయినా ఇంటర్ రెండేళ్లు ఇక్కడ చదవాలని షరతు పెట్టండి, పిల్లకు ఊరూ భాషా తెలుస్తాయి. పదో తరగతి దాకా అయినా నాన్న పక్కన ఉంటుంది. చదువయ్యాక రెండేళ్లు పల్లెలో పనిచేస్తామని బాండు రాయించుకోండి. మొదటి సంతకం మా అమ్మాయిది. దానికి సీటు ఇప్పించమని కాదు, పోటీలో నిలబడనిమ్మని అడుగుతున్నా. ర్యాంకు రాకపోతే అది ఏడుస్తుంది, నేను ఊరుకోబెడతాను, అది మా ఇంటి గొడవ.

కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉన్న జాగాలో 2022 ఏప్రిల్‌లో టిమ్స్ ఆస్పత్రికి శంకుస్థాపన జరిగింది కదా. మార్కెట్ బాటసింగారం పోయింది. నా చిన్నప్పుడు వేసవిలో గల్లీ గల్లీకీ మామిడిపండ్ల వాసన కొట్టేది, లారీలు ఆగి బడికి ఆలస్యమయ్యేది. ఇప్పుడు విక్టోరియా మెమోరియల్ స్టేషన్ దగ్గర మెట్రో కిటికీలోంచి మా అమ్మాయి ఆ భవనాన్ని చూసి, ఎన్ని అంతస్తులో లెక్కపెట్టింది. పూర్తయ్యాక అందులో వందల మంది డాక్టర్లు కావాలి. తాతయ్య ఇంటి నుంచి నడిచిపోయే దూరంలో ఉన్న ఆస్పత్రిలో పనిచేయాలని దాని ఊహ. అది కెనడా పేరు ఎత్తినప్పుడు ఇట్లాంటి వివరాలేమీ చెప్పదు. అక్కడ మంచు పడుతుందట అని మాత్రం అంటుంది.

మావారు మాత్రం కెనడా వైపే మొగ్గుతున్నారు. అక్కడికి పోతే కనీసం నలుగురం ఒకే ఇంట్లో ఉంటాం అంటారు. నేను ఇంటి వైపు. అత్తమ్మ మిర్యాలగూడలో ఒంటరిగా ఉంది, బాపుకు చూపు తగ్గుతోంది, ఇంకో పదేళ్లకు వచ్చి ఎవరిని చూసుకుంటాం అని నా వాదన. ఫోన్లో రోజూ ఇదే పంచాయితీ. ఇద్దరి మాటా నిజమే గనక ఎవరూ గెలవడం లేదు.

మెడికల్ అడ్మిషన్ల నిబంధనలను మీ వైద్యారోగ్య శాఖ ఇప్పటికే సవరిస్తూ వస్తోంది. మరో సవరణకు అసెంబ్లీ కూర్చోనక్కర్లేదు, ఒక జీవో చాలు. విద్యాశాఖ మీ చేతిలోనే ఉంది గనక ఇంజినీరింగ్ జీవో రాసినవాళ్లనూ, మెడిసిన్ జీవో రాసినవాళ్లనూ ఒక గదిలో కూర్చోబెట్టడం మీకు కష్టం కాదు.

మాకున్న గడువు కూడా చెప్తాను. వచ్చే మార్చితో మా అమ్మాయికి ఎనిమిది అయిపోతుంది. తొమ్మిదికి ఇక్కడికి తేవాలంటే సంక్రాంతి లోపలే నాగోలులోనో వనస్థలిపురంలోనో బడి మాట్లాడుకోవాలి, రియాద్ బడిలో టీసీకి అర్జీ పెట్టుకోవాలి, నా ఇకామాకు ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకోవాలి. కెనడా అయితే మావారి పుట్టినరోజు లోపే ఫైలు కదలాలి, అది ఫిబ్రవరిలో. ఈలోగా మీ జీవో వస్తే టీసీకి అర్జీ పెట్టను, కెనడా ఫైలూ తెరవం.

ఇట్లు,
రియాద్ నుంచి వచ్చిన ఒక కొత్తపేట ఆడబిడ్డ